ఐదో కొండ గింజలు

మొదటిసారి ఇరవై ఎనిమిది వచ్చినప్పుడు కోడలు ముందు తన కళ్ళనే అనుమానించింది. మైక్రోస్కోపు మీంచి తలెత్తి, కళ్ళద్దాలు తుడుచుకుని, కాసేపు కిటికీలోంచి ఎదుటి గోడ వంక చూసి, మళ్ళీ వంగి లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిదే. పక్క కణంలోనూ అంతే.

ఇంట్లో ఆమె కోడలు. మొక్కల పరిశోధనాశాలలో మాత్రం అందరూ లెక్కలమ్మ అంటారు. చేసే పని అలాంటిది. అడవిపూల మొక్కల వేరుకొసలు కత్తిరించి, మందునీళ్ళలో నానబెట్టి, రంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి, పైన పల్చటి గాజురేకు కప్పి బొటనవేలితో అదుముతుంది. అదుము కుదిరితే కణం చితికి, లోపలి క్రోమోజోములు ఆరబోసిన గింజల్లా విడివిడిగా పరుచుకుంటాయి. కుదరకపోతే అంతా ముద్ద. కుదిరినవాటిని లెక్కపెట్టడమే ఉద్యోగం. "దీనికి జీతం కూడా ఇస్తారా?" అని పెళ్ళికి ముందు కాబోయే మొగుడు నవ్వితే, "మీ అమ్మగారికి ఇచ్చారుగా!" అంది ఆమె. అతను నోరు మూసుకున్నాడు.

నిజమే, అత్తగారూ అదే పని చేసి రిటైరయ్యారు. అదే భవనంలో, అదే గదిలో. ఇప్పుడు కోడలు లెక్కపెడుతున్న మొక్క కూడా అత్తగారిదే అనాలి. రాళ్ళ సందుల్లో జానెడెత్తు పెరిగి, బుల్లి నీలం పువ్వులు పూసే ఆ మొక్కని జనం నీలిబుడ్డి అంటారు. దానికి పద్నాలుగు క్రోమోజోములని ముప్పై ఏళ్ళ క్రితం తేల్చి, వ్యాసం రాసి పేరు తెచ్చుకున్నది అత్తగారే. పద్నాలుగంటే తల్లి వైపు నుంచి ఏడు, తండ్రి వైపు నుంచి ఏడు. ఎక్కడి నీలిబుడ్డి అయినా పద్నాలుగే అని ఆ వ్యాసంలో ఉంది. ఆ తరవాత వచ్చిన పుస్తకాలన్నీ అదే ముక్క ఎత్తి రాసుకున్నాయి.

ఇప్పుడు దానికి సరిగ్గా రెట్టింపు వస్తోంది. అడవి మొక్కల్లో ఇలా రెట్టింపు కావడం వింతేమీ కాదు. ఒకే పువ్వు ఒక కొండ మీద పద్నాలుగుతోనూ, ఇంకో కొండ మీద ఇరవై ఎనిమిదితోనూ బతికేస్తుంది. పైకి చూస్తే తేడా తెలియనైనా తెలియదు. వింతల్లా అత్తగారి చేతిలో అది ఎలా తప్పిందన్నదే. ఉప్పు డబ్బా రెండు వేళ్ళ మందం పక్కకి జరిగినా పట్టేసే మనిషి ఆవిడ.

కోడలు మొక్కల చీటీలు మారిపోయాయేమోనని చూసింది. మారలేదు. కొత్త వేళ్ళు కోసి మొత్తం పని మొదటినుంచీ చేసింది. అదే లెక్క. ఇక చేసేదేం లేక పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

పరిశోధనాశాల పెద్దాయనకి మాట మొదలుపెట్టే ముందు రెండుసార్లు దగ్గడం అలవాటు. వెనకాల అందరూ దగ్గుదొర అంటారు. ఆయన స్లైడు చూసి, కుర్చీలో వెనక్కి వాలి, దగ్గారు.

"అయితే మీ అత్తగారి లెక్క తప్పంటావా?"

"తప్పని కాదండీ. ఈ కొండ మొక్కల్లో వేరేగా వస్తోంది."

"ఆవిడ లెక్క తప్పే మనిషి కాదమ్మా. అప్పట్లో ఆవిడ పక్క బల్ల నాదే. నాకు తెలీదూ?" మళ్ళీ దగ్గు. "అందుకే నాకు ఆశ్చర్యం. ఐదు కొండల నుంచి ఐదు పొట్లాల గింజలొచ్చాయి. నా కళ్ళతో చూశాను. తీరా వ్యాసం అచ్చయ్యాక చూస్తే నాలుగే. ఐదో పొట్లం ఏమైందో ఎవరూ అడగలేదు. చిన్నవాణ్ణి, నాకెందుకని నేనూ ఊరుకున్నాను."

"ఐదోది ఏ కొండదండీ?"

"రోడ్డు వేస్తున్నారని నువ్వు మొన్న మొక్కలు పీక్కొచ్చావే, అదే." ఆయన స్లైడు తిరిగి ఆమె చేతిలో పెట్టారు. "ఇంట్లోనే ఉన్నారుగా. అడిగి చూడు. నేనన్నానని మాత్రం అనకు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కోడలు ఏమీ ఎరగనట్టు అడిగింది. "అత్తయ్యా, నీలిబుడ్డి గింజలు అప్పట్లో మీరు ఎన్ని చోట్ల నుంచి తెచ్చారు?"

"నాలుగు," అన్నారు అత్తగారు ఠక్కున. "కూర వేసుకో, చల్లారిపోతోంది."

మామగారు కంచంలోంచి తలెత్తి భార్యని ఒక్క చూపు చూసి, మళ్ళీ తలదించుకున్నారు. సైకిళ్ళ కంపెనీలో పాతికేళ్ళు అమ్మకాలు చేసిన మనిషి ఆయన. గోడతోనైనా గంటసేపు మాట్లాడగలరు. అలాంటివారు నోరు మెదపకుండా తిని లేచిపోయారు.

ఇక అక్కణ్ణుంచి కోడలికి ఇంట్లో ప్రతిదీ సాక్ష్యంలాగే కనిపించసాగింది. తను గదిలోకి రాగానే అత్తగారు పత్రిక మడిచేస్తే, ఏం దాస్తున్నారో అనుకునేది. తీరా చూస్తే గళ్ళనుడికట్టు పూర్తయిపోయి ఉండేది. "ఆఫీసులో ఏం చేస్తున్నావమ్మాయ్?" అని అడిగితే, ఆరా తీస్తున్నారనిపించేది. అడక్కపోతే, తెలిసే అడగడంలేదనిపించేది.

అన్నిటికన్నా ఎక్కువగా ఆమె కళ్ళు బాల్కనీలో ఒక కుండీ చుట్టూ తిరిగాయి. మిగతా కుండీలన్నీ కటకటాల పక్కన వరసగా ఉంటే, అదొక్కటీ మూలన, గోడ నీడన విడిగా ఉంటుంది. అందులో నీలిబుడ్డి గుబురు. తను కాపురానికి వచ్చినప్పటినుంచీ చూస్తున్నదే. పాత ఉద్యోగం గుర్తుగా పెంచుకుంటున్నారు కాబోలని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుంటే ఒక్కొక్కటే గుచ్చుకుంది. పక్కింటావిడ ఒక పిలక ఇమ్మంటే, "అది ఎక్కడపడితే అక్కడ బతకదండీ" అని అత్తగారు దాటేశారు. బతకకపోవడమేమిటి? ఏటా గుబురు విడదీసి, సగం పారేసి మళ్ళీ నాటేది ఆవిడేగా! పైగా ఎన్ని పువ్వులు పూసినా ఒక్క గట్టి గింజ కట్టదు. కోడలు ఎవరూ చూడకుండా నాలుగు కాయలు చిదిమి చూసింది. అన్నీ తాలే.

భర్తకి చెప్పింది. అతను మంచం మీద బట్టలు మడతపెడుతూ పగలబడి నవ్వాడు.

"నా మాట విని ఈ డిటెక్టివ్ పనులు మానెయ్. చిన్నప్పుడు నా నాలిక చూసి ఏ రంగు బిళ్ళ తిన్నానో, ఏ కొట్లో కొన్నానో చెప్పేసేది మా అమ్మ. అలాంటి మనిషి మీద నువ్వు నిఘా పెడతావా?"

"నవ్వింది చాలు. మీ అమ్మకి మాత్రం చెప్పకు."

"ఛ, నేనెందుకు చెప్తాను?" అన్నాడు. అతని కడుపులో మాట దాగదని ఆమెకి తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోయింది.

మర్నాడు అత్తగారు స్నానానికి వెళ్ళిన అదను చూసి, కోడలు బాల్కనీలో మూలకి చేరింది. కుండీని పక్కకి వంచి, గుబురు కుదుళ్ళు పట్టి లాగి, తెల్లగా మెరుస్తున్న వేరుకొసలు గోళ్ళు తీసుకునే కత్తెరతో కత్తిరించి సీసాలో వేసుకుంది. నీళ్ళ చప్పుడు ఆగింది. గబగబా గుబురు కుండీలో కుక్కి, సీసా సంచిలో పడేసి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే మెట్లు దిగింది.

పద్నాలుగు వస్తుందనుకుంది. లేదంటే ఇరవై ఎనిమిది. రెండూ కాలేదు. ఇరవై ఒకటి వచ్చింది.

ఇరవై ఒకటంటే మూడు ఏడులు. పద్నాలుగు మొక్క తన వంతుగా ఏడు ఇస్తుంది, ఇరవై ఎనిమిది మొక్క పద్నాలుగు ఇస్తుంది. రెండూ పక్కపక్కన పెరిగేచోట, ఒకదాని పుప్పొడి ఇంకోదాని మీద వాలితే అరుదుగా ఇలాంటి సందుమొక్క పుడుతుంది. పుష్టిగా పెరుగుతుంది, విరగబూస్తుంది. గింజ మాత్రం కట్టలేదు. జతకట్టాల్సిన చోట మూడు సెట్లుంటే ఒకటి ఒంటరిగా మిగిలిపోయి లెక్క చెదిరిపోతుంది. అందుకే ఆ తాలు.

క్రోమోజోములు లెక్కపెట్టడమే బతుకుగా బతికిన మనిషి, గింజ కట్టని మొక్కని ముప్పై ఏళ్ళు బాల్కనీలో పెంచుకుంటూ, దాని లెక్క తెలుసుకోలేదంటే ఎవరైనా నమ్ముతారా? ఆవిడకి తెలుసు. ఐదో కొండ మీద వేరే లెక్క ఉందని అప్పుడే తెలుసు. ఎక్కడైనా పద్నాలుగే అన్న గొప్ప మాట చెడిపోతుందని ఐదో పొట్లం మింగేశారు. కోడలికి కోపం రాలేదు. పాత మాట ఒకటి గుర్తొచ్చింది. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు, కుదరని స్లైడుని కుదిరినట్టు ఊహించుకోకమ్మాయ్ అని నేర్పింది ఆవిడే.

దగ్గుదొర మాత్రం సంగతి వినగానే దగ్గడం కూడా మర్చిపోయారు. "రాసెయ్! వెంటనే రాసెయ్. దాచారని రాయక్కర్లేదు. విడిచిపెట్టారని రాయి చాలు, అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతుంది."

ఆయన మొహంలో ఆ వెలుగు చూసి కోడలికి ఇంకో అనుమానం పట్టుకుంది. పక్క బల్ల మీది పొట్లాలు ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్న మనిషికి కావలసింది నీలిబుడ్డి లెక్కేనా? రాస్తానని గానీ రాయనని గానీ అనకుండా బయటపడింది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా పాత పేపరు పరిచి, దాని మీద ఆ కుండీ.

"నా కుండీలో వేళ్ళు పెట్టింది నువ్వేనా?"

కోడలు సంచి దింపలేదు. "పెట్టలేదత్తయ్యా. తీశాను."

"అదీ తెలుసు. మీ ఆయన టీ తాగుతూ మొత్తం కక్కేశాడు. అడిగింది కూడా లేదు, చక్కెర ఎక్కువైందా అన్నానంతే." అత్తగారి గొంతు ఎప్పటిలాగే నిలకడగా ఉంది గానీ, పేపరు అంచుని వేళ్ళు మడతలు పెడుతున్నాయి. "నన్ను అడిగితే చెప్పనా?"

"అడిగానుగా. నాలుగన్నారు."

అత్తగారు కుండీ అంచుకి అంటిన మట్టి తుడిచారు.

"దీని లెక్క ఇరవై ఒకటి వచ్చిందత్తయ్యా," అంది కోడలు. ఇక దాచి ప్రయోజనం లేదనిపించింది. "మీకు తెలిసే ఉంటుంది."

ఆవిడ మొహంలో మారిన రంగు చూసి కోడలు ఇంకేదో అనబోయి ఆగిపోయింది. దొరికిపోయినవాళ్ళ మొహం అలా ఉండదు. ఎప్పుడో పోయిందనుకున్న మనిషి గురించి కబురు విన్నవాళ్ళ మొహంలా ఉంది.

"ఎన్ని కణాల్లో చూశావు?"

"పన్నెండు."

"అదుము సరిగ్గా పడిందా? కణం పగిలి పక్కదాంట్లోకి పోలేదు కదా?"

"లేదత్తయ్యా."

"నేను చూస్తాను. పద."

రిటైరయ్యాక అత్తగారు ఆ భవనంలో అడుగుపెట్టలేదు. దగ్గుదొర పెద్దకుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ రానని శపథం పట్టారు. ఆ రోజు మాత్రం ఎవరి వంకా చూడకుండా నేరుగా పాత గదికి నడిచారు. స్టూలు ఎత్తు సరిచేసుకుని, మైక్రోస్కోపు మీదికి వంగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. స్లైడు జరిపి మళ్ళీ లెక్కపెట్టారు. చాలాసేపటికి తలెత్తారు. కళ్ళు తడిగా ఉన్నాయో, వెలుగులోకి చూసి చెమ్మగిల్లాయో కోడలికి తెలియలేదు.

"నువ్వు నన్ను అనుమానించావు కదూ?"

కోడలు తలదించుకుంది.

"మంచిదే. నేను ఇంకొకరిని అనుమానించాను. నీకన్నా చాలా ఎక్కువకాలం."

అప్పుడు చెప్పారు. నాలుగు కొండలూ ఆవిడే ఎక్కారు. ఐదో కొండ వంతు వచ్చేసరికి నిండు నెలలు. ఆ కొండ గింజలు వానలు వెళ్ళిన వెంటనే తేవాలి, లేకపోతే రాలిపోతాయి. నేను తెస్తానులే అని మామగారు బయలుదేరారు. ఆ రోజుల్లో ఆయనకి పేకాట పిచ్చి. ఆ కొండ కిందనే ఆయన పేకాట జట్టులో ఒకడి ఇల్లు. సాయంత్రం ఆయన పొట్లంతో తిరిగొచ్చారు. అత్తగారు ముందు చూసింది ఆయన బూట్లు. మచ్చ లేకుండా శుభ్రంగా ఉన్నాయి. వాన కురిసి వెలిసిన కొండ ఎక్కి దిగిన మనిషి బూట్లు అలా ఉంటాయా?

"పొట్లం విప్పితే సగానికి సగం తాలు. మనిషి పొద్దస్తమానం ముక్కలు వేసుకుంటూ కూర్చుని, వచ్చేదారిలో రోడ్డు పక్కన దొరికినవి దూసుకొచ్చాడనుకున్నాను. అడగలేదు. అడిగితే అబద్ధం చెప్తాడేమోనని భయం. ఆ వారంలోనే మీ ఆయన పుట్టాడు. గింజలు నాటితే ఒక్కటే మొలిచింది. ఎక్కడివో నమ్మకం లేని గింజల్ని వ్యాసంలో ఎలా పెట్టను? తీసేశాను. నాలుగే రాశాను."

"మరి ఈ మొక్క?"

"పారెయ్యబుద్ధి కాలేదు."

"లెక్కపెట్టొచ్చుగా అత్తయ్యా! ఇన్నేళ్ళు!"

"పద్నాలుగొస్తే?" అన్నారు అత్తగారు. "అన్ని చోట్లా వచ్చేదే అది. ఆయన ఎక్కినట్టూ కాదు, ఎక్కనట్టూ కాదు. ఇంకేదైనా వచ్చినా, ఎక్కడిదో చెప్పమని ఆయన్నే నిలదియ్యాలి. అనుమానంతో కాపురం చెయ్యడం అలవాటైపోతుంది అమ్మాయ్. తేల్చుకోవడం అలా కాదు."

"ఇప్పుడు తేలిపోయింది కదా. రెండు రకాలూ కలిసిన చోటే ఇలాంటిది పుడుతుంది. రోడ్డు పక్కన ఉండదు. అంటే మామయ్య కొండెక్కారు."

"తేలలేదు." అత్తగారి గొంతు ఒక్కసారిగా పాత ఉద్యోగపు గొంతయింది. "పద్నాలుగు మొక్కలు మాత్రమే ఉన్నచోట కూడా ఒక్కోసారి పుప్పొడి సగమవ్వకుండా పొరపాటున పూర్తి లెక్కతో పోతుంది. అప్పుడూ ఇరవై ఒకటి రావచ్చు. అరుదే, కానీ రావచ్చు. నేను ఆ కొండ చూడాలి."

మామగారికి మొక్కల కోసం వెళ్తున్నామని మాత్రం చెప్పారు. ఇంట్లో ఒక్కణ్ణీ ఏం చేస్తానంటూ ఆయనా బయలుదేరారు. కోడలు కారు నడిపింది. దారిపొడుగునా మామగారు వెనక సీట్లో కూర్చుని, ఏ వంపులో ఏ సైకిలు ఎవరికి అంటగట్టారో చెబుతూనే ఉన్నారు. అత్తగారు ఊ కొట్టలేదు. కొండ మొదట్లో రోడ్డు పనివాళ్ళు పాతిన ఎర్ర జెండాల దగ్గర దిగారు.

"పైకి అటు కాదు, ఇటు," అన్నారు మామగారు. "ఈ పక్క జారుడు తక్కువ."

కోడలు ఆశగా అత్తగారి వంక చూసింది. ఆవిడ పెదవి విరిచి, ఆయనకి వినపడకుండా గొణిగారు. "ఆ తరవాత ఎప్పుడైనా వచ్చి ఉండొచ్చు. ఇదేం సాక్ష్యం?"

కింది వాలులో నీలిబుడ్డి ఎండిపోయింది. గింజ రాలి తొడిమలే మిగిలాయి. ఆకులు పల్చగా, మచ్చ లేకుండా ఉన్నాయి. పైకి ఎక్కేకొద్దీ పచ్చిగా, ఇంకా పూతమీదున్న మొక్కలు కనిపించసాగాయి. ఆకు మందం, పువ్వు కాస్త పెద్దది. వంగి చూస్తే ప్రతి ఆకు మొదట్లోనూ వంగపండు రంగు మచ్చ. కోడలు ఇదివరకు చూసిందే గానీ, మచ్చే కదా అనుకుంది. అత్తగారు మాత్రం అక్కడే చతికిలబడిపోయారు. ఆకు ఒకటి తుంచి, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో తుడిచారు, మచ్చ చెరిగిపోతుందేమో చూస్తున్నట్టు.

"మన కుండీలో దానికి ఉంది ఇది," అన్నారు. "లేతగా. ప్రతి ఆకుకీ. ఏదో నీరసం మచ్చనుకున్నాను. కింద ఎక్కడా లేదు. నేను తిరిగిన నాలుగు కొండల్లోనూ లేదు."

మామగారు వాగు ఒడ్డున రాయి మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నారు. అత్తగారు లేచి ఆయన దగ్గరికి వెళ్ళారు. కోడలు వెనకే ఉండిపోదామనుకుంది గానీ కాళ్ళు ఆగలేదు.

"ఏమండీ. బాబు పుట్టిన వారం మీరు ఈ కొండకే వచ్చారు కదూ?"

"వచ్చాను. నువ్వు పంపితేనేగా?"

"మరి బూట్లకి బురద ఎందుకు లేదు?"

మామగారు అయోమయంగా చూశారు. "ఏ బూట్లు?"

"ఆ రోజు వేసుకున్నవి. ఇంటికొచ్చేసరికి శుభ్రంగా ఉన్నాయి."

"ఓ, అదా! మర్చిపోతానా? ఇదే వాగులో, కిందికి దిగాక, కడుక్కోబోయి జారిపడి మోచెయ్యి కొట్టుకుంది." ఆయన నవ్వారు. "మోకాళ్ళ దాకా బురద. ఆ బూట్లతో ఇంట్లోకొస్తే నువ్వు వంగి నేల తుడుస్తావు, వద్దన్నా వినవు. నిండు నెలల మనిషివి. అందుకని అక్కడే రుద్ది రుద్ది కడిగాను."

మామగారి నవ్వు మెల్లగా ఆగిపోయింది. అమ్మకాలు చేసిన మనిషి కదా, ఎదుటివాళ్ళ మొహం చదవడం వచ్చు.

"అంటే... నేను రాలేదనుకున్నావా?"

"పేకాటకి వెళ్ళారనుకున్నాను."

"ముప్పై ఏళ్ళా?"

అత్తగారు తలూపారు.

"అందుకేనా నాలుగే వేశావు?" ఆయన రాయి మీంచి లేవబోయి ఆగారు. "నీ వ్యాసం అచ్చయిన రోజు నేనూ చూశాను. నాకు ఆ భాష తెలియకపోయినా, కొండల పేర్లు తెలుసుగా. నాది లేదు. సరిగ్గా ఏరడం చేతకాలేదేమో, తాలు తెచ్చి నీ పని పాడుచేశానేమో అనుకున్నాను. అడిగితే నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నాను. దొంగననుకుని తీసేశావని నాకేం తెలుసు?"

ఆయన లేచి, ఎవరి సాయం పట్టకుండా, ముందు దిగిపోయారు. తిరుగుప్రయాణంలో ఒక్క సైకిలు కథ కూడా లేదు.

కోడలు ఆ కొండ మొక్కలన్నీ వరసగా లెక్కపెట్టింది. కింద పద్నాలుగు, పైన ఇరవై ఎనిమిది, రెండూ కలిసే సన్నటి పట్టీలో అక్కడక్కడ ఇరవై ఒకటి. కిందివి ముందు పూసి ముందే రాలిపోతాయి. పైవి ఆలస్యం. మధ్యలో కొద్దిరోజులు రెండూ పువ్వు మీద ఉంటాయి. వ్యాసం అత్తాకోడళ్ళిద్దరూ కలిసి రాశారు. విడిచిపెట్టారు, దాచారు అన్న మాటలేవీ అందులో లేవు. ఐదో పొట్లాన్ని ఎందుకు పక్కన పెట్టారో అత్తగారే రెండు వాక్యాల్లో రాశారు: గింజలు తెచ్చినవారి మీద తనకి అప్పుడు కలిగిన సందేహం నిరాధారమని. దగ్గుదొర ఆ రెండు వాక్యాల మీద చాలాసేపు దగ్గారు. "ఇంటి సంగతులు ఇక్కడెందుకండీ?" అన్నారు. "ఇంటి సంగతి కాదు, మొక్కల సంగతే," అన్నారు అత్తగారు. ఆయన సంతకం పెట్టేశారు. రోడ్డు ఆ పట్టీని తప్పించి పక్కకి జరగడానికి ఆ వ్యాసమే కారణమని తరవాత తెలిసింది. అప్పటికి రోడ్డు సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

మామగారు అలిగారు మరి. మామూలు అలక కాదు. కేకల్లేవు, కంచం తోసెయ్యడాల్లేవు. కోడలితో మాట్లాడతారు, కొడుకుతో మాట్లాడతారు, భార్య దగ్గరికి వచ్చేసరికి మర్యాదగా, ముక్తసరిగా, పరాయి మనిషితో అన్నట్టు. "కాస్త ఉప్పు ఇలా ఇస్తారా?" అన్నారు ఒక పూట. ముప్పై ఏళ్ళుగా 'ఏమేవ్' అని పిలిచే మనిషి 'మీరు' అనేసరికి అత్తగారు ఉప్పు డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"క్షమాపణ చెప్పండత్తయ్యా," అంది కోడలు.

"చెప్పాను. రెండుసార్లు. 'ఫరవాలేదండీ' అన్నారు." ఆవిడ పైటచెంగుతో ముక్కు తుడుచుకుని, ఉన్నట్టుండి కోడలి వైపు తిరిగారు. "నువ్వు నయం. ఒక్క నెలైనా ఆగలేకపోయావు. దొంగతనంగానైనా తేల్చేసుకున్నావు."

అది మెచ్చుకోలో, దెప్పో కోడలికి ఇప్పటికీ తెలియదు. రెండూ అయ్యుంటాయి.

వ్యాసం అచ్చయి వచ్చిన రోజు కోడలు మామగారికి అది చూపించలేదు. దానికి బదులు ఆయన్ని పరిశోధనాశాలకి తీసుకొచ్చింది. అత్తగారు అప్పటికే స్టూలు మీద కూర్చుని కుండీ మొక్క స్లైడు సరిచేస్తున్నారు. మామగారు గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగబోయి, ఏమనుకున్నారో లోపలికొచ్చారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మైక్రోస్కోపులోకి చూడడం అదే మొదటిసారి. అత్తగారు లేచి చోటిచ్చారు.

"ఏముంది ఇందులో? చీమలు తొక్కేసినట్టుంది."

"లెక్కపెట్టండి," అన్నారు అత్తగారు.

ఆయన వేలు గాల్లో ఆడిస్తూ, తప్పుతూ, మొదటికొస్తూ లెక్కపెట్టారు. "పంతొమ్మిది."

కోడలు నోరు తెరవబోయింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన మళ్ళీ వంగారు. "ఆగాగు. ఇక్కడ రెండు ఒకదాని మీద ఒకటి పడ్డాయి... ఇరవై. ఇరవైయేనే. కావాలంటే నువ్వు చూసుకో."

'నువ్వు' అన్న సంగతి ఆయన గమనించలేదు. అత్తగారు గమనించారు. ఆవిడ మైక్రోస్కోపు వైపు కదల్లేదు.

"మీరు చూశారుగా," అన్నారు. "నేనెందుకు చూడటం?"